రెండు పేర్ల ఊరు: బల్లార్షా ఎందుకు పెరగలేదు?

తెలంగాణలో ఇల్లు కట్టించేవారు సింహద్వారం దాకా వచ్చేసరికి వడ్రంగిని తప్పకుండా అడిగే మాట ఒకటుంది: కలప ఎక్కడిది? అతను ‘బల్లార్షా టేకు’ అన్నాడంటే ఆ తరువాత బేరమంతా ధర మీదే సాగుతుంది, నాణ్యత ఊసు రాదు. ఢిల్లీ రైలెక్కేవారికి ఆ పేరు ఇంకోలా పరిచయం. కాగజ్‌నగర్ దాటాక చాలాసేపు అడవి, ఆ అడవి చివర వార్ధా నది, వంతెన దాటీ దాటగానే బండి తీరుబడిగా ఆగే ఒక పెద్ద స్టేషన్. ప్లాట్‌ఫాం మీద చాయ్ అమ్మే కుర్రవాడు ప్రయాణికుడి ముఖం చూసి హిందీలోనో మరాఠీలోనో తెలుగులోనో పలకరిస్తాడు. చిల్లర తిరిగిచ్చేటప్పుడు మాత్రం మూడు భాషలూ కలిసిపోతాయి.

ఆ స్టేషన్ వెనక ఉన్న ఊళ్లోనే నేను పుట్టి పెరిగాను. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు చెందిన ఆ ఊరిని పురపాలక సంఘం కాగితాల్లో బల్లార్‌పూర్ అని రాస్తారు, రైల్వే బోర్డు మీద బల్హార్‌షాహ్ అని రాస్తారు, మా ఇళ్లలో బలార్షా అంటారు. జిల్లా కేంద్రమైన చంద్రపూర్ నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరం. ఆటోలు, బస్సులు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. అందుకే బయటివారు దీన్ని చంద్రపూర్ శివారు అనేస్తారు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు, అయితే దానితో ఊరు అర్థం కాదు.

అర్థం కానిది ఏమిటో జనాభా లెక్కలే చూపిస్తాయి. 2001 జనగణనలో బల్లార్‌పూర్ జనాభా దాదాపు 90 వేలు. పదేళ్ల తరువాత, 2011లో, 89 వేల పైచిలుకు. దేశంలోని పట్టణాలన్నీ ఉబ్బిపోతున్న దశాబ్దంలో, పక్కనే ఉన్న చంద్రపూర్ 3 లక్షల 20 వేలు దాటి 2011లోనే మహానగరపాలికగా మారిన కాలంలో, రైలూ బొగ్గూ కాగితపు మిల్లూ అడవీ అన్నీ ఉన్న ఈ ఊరు ఉన్నచోటే నిలిచిపోయింది. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఊరి నేలను, ఆ నేల ఎవరి చేతిలో ఉందో చూడాలి.

రాజధాని ముందు, శివారు తరువాత

చంద్రపూర్‌కు బల్లార్షా శివారు అనుకునేవారు చరిత్రను తలకిందులుగా చదువుతున్నారు. గోండు రాజుల సంప్రదాయ కథనం ప్రకారం వారి తొలి రాజధాని సిర్పూర్, అంటే నేటి కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఊరు. ఆ వంశంలో ఖాండక్య బల్లాల్ సాహ్ అనే రాజుకు ఒళ్లంతా కురుపులు వచ్చాయనీ, రాణి సలహా మీద సిర్పూర్‌ను వదిలి వార్ధా ఒడ్డున కోట కట్టుకుని అక్కడికి మారాడనీ చెబుతారు. ఆ కోటా, దాని చుట్టూ వెలసిన ఊరూ బల్లాల్‌పూర్. ‘బల్లాల్ షా’ నుంచి స్టేషన్ పేరు, ‘బల్లాల్ పురం’ నుంచి పట్టణం పేరు వచ్చాయి. మూలం ఒక్కటే.

కథ అక్కడితో ఆగదు. రాజు వేటకు వెళ్లి దాహం వేసి ఝర్పట్ వాగులోని ఒక చెలమలో నీళ్లు తాగి ముఖం కడుక్కుంటే కురుపులు మానాయట. ఆ చోటు దగ్గరే ఒక కుందేలు వేటకుక్కను తరుముతూ కనిపించిందట. భయపడాల్సిన ప్రాణి భయపెట్టే నేల ఇదని రాణి గ్రహించి, కుందేలు పరుగెత్తిన దారి వెంబడే ప్రాకారం కట్టించమందట. అలా చాందా, అంటే నేటి చంద్రపూర్, పుట్టింది. కుందేలు కుక్కను తరిమిన కథ దక్కన్‌లో ఇంకా కొన్ని నగరాలకూ ఉంది కాబట్టి దాన్ని యథాతథంగా నమ్మనక్కర్లేదు. కథలోని వరుస మాత్రం ముఖ్యం: సిర్పూర్, తరువాత బల్లార్షా, ఆ తరువాత చాందా. రాజధాని గోదావరి వైపు నుంచి ఉత్తరానికి మెట్టు మెట్టుగా జరిగింది. బల్లార్షా ఆ దారిలో నడిమి మెట్టు.

1751లో నాగపూర్ భోంస్లేలు చాందా రాజ్యాన్ని కలుపుకున్నప్పుడు చివరి రాజు నీలకంఠ షాను ఈ కోటలోనే బంధించారు. పూర్వీకుడు కట్టిన కోట వారసుడికి చెరసాల అయింది. 1854లో నాగపూర్ రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1858లో తిరుగుబాటు చేసిన గోండు జమీందారు బాబూరావ్ షెడ్మాకేను చాందాలో ఉరితీశారు. ఆ తరువాత సుమారు యాభై ఏళ్ల పాటు బల్లార్షా గురించి చెప్పుకోదగ్గది పెద్దగా ఏమీ లేదు. నది ఒడ్డున శిథిల కోట, దాని నీడన ఒక పల్లె, అంతే. పల్లెను పట్టణం చేసినవారు రాజులు కారు.

నది, బొగ్గు, టేకు, రైలు

వార్ధా నది మధ్యప్రదేశ్‌లోని సాత్పురా కొండల్లో ముల్తాయి దగ్గర పుట్టి, విదర్భను చీల్చుకుంటూ వచ్చి, బల్లార్షాను పడమటి వైపు ఒరుసుకుని పారుతుంది. దిగువన తుమ్మిడిహెట్టి దగ్గర వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు వెళ్లి మునిగినవారు మా ఊరి నీళ్లలోనే మునిగారు. తెలంగాణ రాజకీయాల్లో ఏళ్ల తరబడి నలిగిన తుమ్మిడిహెట్టి బ్యారేజీ వివాదానికి మూలం కూడా ఇక్కడి భూగోళమే: అక్కడ ఆనకట్ట ఎత్తు పెరిగితే మహారాష్ట్ర వైపు భూములు మునుగుతాయి.

నది కింద ఉన్నది ఇంకా పాతది. పాతిక కోట్ల ఏళ్లకు పైగా కిందట భూమి కుంగి ఏర్పడిన ఒక పొడవైన పల్లంలో చెట్టూ చేమా పూడి బొగ్గయింది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఆ పల్లం ఎగువ కొసను వార్ధా లోయ బొగ్గు క్షేత్రమనీ, దిగువ భాగాన్ని గోదావరి లోయ బొగ్గు క్షేత్రమనీ అంటారు. రాష్ట్రాల సరిహద్దు దాని మీద గీసిన గీత మాత్రమే. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం గనులదీ బల్లార్షా గనులదీ ఒకే నేల. 1870లలోనే ఇక్కడికి ఉత్తరాన ఉన్న వరోరాలో బొగ్గు తవ్వకం మొదలైంది, దాని కోసమే వార్ధా నుంచి వరోరాకు రైలు మార్గం వేశారు. దాదాపు అదే సమయంలో ఇల్లెందు దగ్గర కూడా బొగ్గు బయటపడింది. వరోరా గని 1906లో మూతపడ్డాక తవ్వకం బల్లార్షా వైపు మళ్లింది. రైలు కూడా బొగ్గు వెంటే దక్షిణానికి జరిగింది.

అయినా బల్లార్షా చాలాకాలం రైలుకు చివరి స్టేషనే. అవతల నది, నది అవతల నిజాం రాజ్యం. నిజాం రైల్వే కాజీపేట నుంచి ఉత్తరానికి అడవి గుండా సుమారు 235 కిలోమీటర్ల మార్గం వేసి 1920ల చివర్లో ఇక్కడ కలపడంతో ఢిల్లీకీ మద్రాసుకూ నేరు దారి ఏర్పడింది. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. చివరి స్టేషన్ ఒక్కసారిగా దేశానికి నడిమి స్టేషన్ అయింది. ఈ రోజుకూ సెంట్రల్ రైల్వే నాగపూర్ డివిజన్, దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజన్ ఇక్కడే ఒకదానికొకటి బండి అప్పగించుకుంటాయి. లోకో పైలట్లు, గార్డులు మారేది ఇక్కడే. రైలు తీరుబడిగా ఆగడానికి కారణం అదే. గోండియా వైపు నుంచి వచ్చే మార్గం కూడా ఇక్కడికే చేరుతుంది. ఒకప్పటి ఆ చిన్న పట్టాల దారిని 1990ల చివర్లో పెద్ద పట్టాలకు మార్చారు. 2018లో రైల్వే శాఖ నిర్వహించిన స్టేషన్ల అలంకరణ పోటీలో బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకు కలిపి మొదటి బహుమతి వచ్చింది. గోడల నిండా తాడోబా అనే పులుల అడవి బొమ్మలే: పులులు, వెదురు పొదలు, జింకలు.

టేకు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊరి పేరును తెలుగు ఇళ్లకు చేర్చింది అదే. ‘బల్లార్షా టేకు’ అన్నంత మాత్రాన చెట్టు బల్లార్షాలో పెరిగిందని కాదు. గడ్చిరోలి జిల్లాలోని అల్లపల్లి అడవుల నుంచి, చంద్రపూర్ చుట్టుపక్కల అడవుల నుంచి కొట్టిన దుంగలు ఇక్కడి ప్రభుత్వ డిపోకు చేరి, ఇక్కడ వేలం అవుతాయి. డిపోలో దుంగలు పొడవును బట్టి, చుట్టుకొలతను బట్టి లాట్లుగా పేర్చి ఉంటాయి. ప్రతి దుంగ కొసన సుత్తితో కొట్టిన గుర్తు, రంగుతో రాసిన అంకె. కొనడానికి వచ్చినవారు ఆ కొస దగ్గర గొంతుక్కూర్చుని చూస్తారు: నడుమ తొర్ర ఉందా, పగులు ఎంత లోతు, చుట్టూ ఉన్న తెల్ల కలప ఎంత, లోపలి చేవ ఎంత. ఒక ముసలి వ్యాపారి దుంగ కొసను తడిపి, బొటనవేలితో రుద్ది, నల్లటి చారలు తేలాక తల ఊపడం నేను చూశాను. ఎండలు మండే, ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగా ఉండే ఈ అడవుల్లో చెట్టు నెమ్మదిగా లావెక్కుతుంది. తేమ నేలల తోటల్లో తొందరగా పెరిగిన టేకుతో పోలిస్తే దీనికి అంత పేరు రావడానికి ఆ నిదానమే కారణమని వ్యాపారులు చెబుతారు. 2023 మార్చిలో అయోధ్య ఆలయ తలుపుల కోసం ఇక్కడి టేకును ఊరేగింపుగా పంపారు; ఆ తలుపులు చేసిన సంస్థ హైదరాబాద్‌ది.

వెదురు నుంచి కాగితం దాకా

కాగితపు మిల్లుకు నాలుగు కావాలి: నార, నీళ్లు, బొగ్గు, సరుకు మోసే దారి. ఈ నాలుగూ ఒకేచోట దొరికే ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. బల్లార్షాకు దక్షిణాన, అదే రైలు మార్గం మీద, కొత్తపేట అనే పల్లెలో నిజాం హయాంలో సిర్పూర్ పేపర్ మిల్లు వచ్చి, ఆ పల్లె కాగజ్‌నగర్ అయింది. 1945లో థాపర్ వ్యాపార కుటుంబానికి చెందిన సంస్థ బల్లార్షాలో మిల్లుకు పునాది వేసింది. ఒకే అడవి, ఒకే రైలు, రెండు మిల్లులు. కాగజ్‌నగర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకున్న కథ తెలంగాణ పాఠకులకు బాగా తెలుసు. కార్మిక కుటుంబాల్లో చాలామందికి రెండు ఊళ్లలోనూ చుట్టాలుండేవారు. అక్కడ పని ఆగితే ఇక్కడి ఇళ్లలో కూడా అన్నం సహించేది కాదు.

వెదురు కాగితమయ్యే పద్ధతి చెబితే ఊరి గాలి అర్థమవుతుంది. వెదురును చిన్న ముక్కలుగా నరికి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో, మూసిన పెద్ద పాత్రల్లో, అధిక పీడనం కింద ఉడికిస్తారు. వెదురులో నారను అంటిపెట్టుకుని ఉండే జిగురు లాంటి లిగ్నిన్ ఆ ద్రావణంలో కరిగిపోతుంది, నార విడిపడి గుజ్జుగా మిగులుతుంది. కడిగి, తెల్లబరిచి, జల్లెడ మీద పల్చగా పరిచి, నీరు పిండి, వేడి సిలిండర్ల మీద ఆరబెడితే కాగితం. మిగిలిన నల్లటి ద్రావణాన్ని మండించి ఆవిరి తీస్తారు, రసాయనాలను మళ్లీ వాడుకుంటారు. ఉడికించేటప్పుడు గంధకపు వాయువులు పుడతాయి. కుళ్లిన క్యాబేజీ వాసన అవే. మా చిన్నతనంలో గాలి మళ్లి ఆ వాసన ఇంట్లోకి వస్తే మా అమ్మ ఆరేసిన బట్టలు తీసేది, ఎందుకంటే ఆ గాలి వెనకే వాన వస్తుందని ఆమె నమ్మకం. చాలాసార్లు వచ్చేది కూడా.

వెదురుకు ఒక స్వభావం ఉంది. ఒక ప్రాంతంలోని పొదలన్నీ దశాబ్దాల తరబడి పెరిగి, ఒకేసారి పూసి, గింజ రాల్చి, ఒకేసారి ఎండిపోతాయి. పొదలు మళ్లీ నరకడానికి పనికొచ్చేంతగా పెరగాలంటే ఏళ్లు పడుతుంది. దానికి తోడు అడవి మీద గ్రామసభల హక్కులు గుర్తింపు పొందాక మిల్లులకు వెదురు పాత ధరకు దొరకడం ఆగింది, అది న్యాయమే. దేశంలోని గుజ్జు మిల్లులు సుబాబుల్, నీలగిరి కలప వైపు మళ్లాయి. అంటే మిల్లును ఈ ఊరికి రప్పించిన నాలుగు కారణాల్లో మొదటిది బలహీనపడింది.

ఏ తెలుగువారు, ఎప్పుడు వచ్చారు

బల్లార్షాలోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగువారిని ఒకే గంపలో వేసి ‘వలస వచ్చినవారు’ అనడం పెద్ద పొరపాటు. ఇక్కడి తెలుగులో కనీసం నాలుగు పొరలు ఉన్నాయి.

మొదటి పొర ఎంత పాతదో ఇంటిపేర్లు చూస్తే తెలుస్తుంది. చంద్రపూర్ ప్రాంతంలో ‘వార్’తో ముగిసే ఇంటిపేర్లు కొల్లలు. 1962–63లో మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న మారోతరావ్ కన్నంవార్ ఈ జిల్లావారే. బల్లార్‌పూర్ నియోజకవర్గం నుంచి గెలుస్తూ వచ్చి రాష్ట్ర ఆర్థికమంత్రిగా చేసిన సుధీర్ ముంగంటివార్ పేరు పత్రికల్లో తరచూ చదువుతాం. కన్నంవారు, ముంగంటివారు అని ఒక్కసారి పైకి పలికి చూడండి. తెలుగు గౌరవ వాచకం మరాఠీ నోట చివరి ఉకారం పోగొట్టుకుని ఇంటిపేరులో గడ్డకట్టింది. ఇలాంటి పేర్లున్న కుటుంబాలు తరతరాలుగా మరాఠీ మాట్లాడుతున్నా, పేరు మాత్రం ఎటునుంచి వచ్చారో చెబుతూనే ఉంది.

రెండో పొర సిరొంచ వైపుది. ఆ ప్రాంతాన్ని 1860లో నిజాం బ్రిటిష్‌వారికి ఇచ్చాడు, 1874లో దాన్ని చాందా జిల్లాలో కలిపారు, ఇప్పుడు అది గడ్చిరోలి జిల్లా. అక్కడివారు ఎక్కడికీ కదలలేదు, జిల్లాలే వారి మీదుగా కదిలాయి. మూడో పొర నది అవతలి రాజురాది. రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో, హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. 1956లో భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు బొంబాయి రాష్ట్రానికి వెళ్లి, 1959లో చాందా జిల్లాలో చేరింది. ఒకనాటి ఆ తాలూకాలో భాగమైన జివతి కొండల మీద పన్నెండు, పద్నాలుగు గ్రామాలు ఇవాళ్టికీ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులతో, రెండు రాష్ట్రాల బడులతో బతుకుతున్నాయి.

నాలుగోది మా పొర: రైలెక్కి పనికోసం వచ్చినవారు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి గనుల్లోకి, మిల్లులోకి, రైల్వే గ్యాంగుల్లోకి, కట్టడం పనుల్లోకి వచ్చినవారు. మా నాన్నగారు బొగ్గు గనిలో పనిచేశారు. సింగరేణిలో ఉన్న మా పెదనాన్న ‘బాయికి పోతున్న’ అనేవారు, అదే పనికి మా నాన్న ‘ఖదాన్‌కు పోతున్న’ అనేవారు. అన్నదమ్ముల మధ్య నది ఒక్కటే అడ్డం, పనిని పిలిచే మాట మాత్రం మారిపోయింది. 1973లో బొగ్గు గనుల జాతీయీకరణ, 1975లో ప్రభుత్వ బొగ్గు సంస్థ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పాటు తరువాత ఈ తరం ఉద్యోగాలు స్థిరపడ్డాయి, క్వార్టర్లు వచ్చాయి, పిల్లలు మరాఠీ బడుల్లో చేరారు. బతుకమ్మ నాడు క్వార్టర్ల నడిమి ఖాళీలో ఆడవాళ్లు తంగేడు, గునుగు, బంతి పేర్చి పాట అందుకుంటారు. పాట పాడే పెద్దమ్మ తెలుగు చదవగలదు. చప్పట్లు కొట్టే కోడలు తెలుగు మాట్లాడగలదు, చదవలేదు. మనవరాలు పాట మొత్తం పాడుతుంది, మాటల అర్థం అడుగుతుంది.

నిలిచిపోయిన లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నా దృష్టిలో జనాభా నిలిచిపోవడానికి మొదటి కారణం నేల. పట్టణానికి పడమర నది ఉంది. వరద వచ్చిందంటే రాజురా వంతెన మీద రాకపోకలు ఆగిపోతాయి, 2022 జూలైలో అదే జరిగింది. తూర్పున అడవి, అక్కడ చెట్టు కొట్టి ప్లాటు వేయడానికి వీల్లేదు, వేయకూడదు కూడా, పులులు తిరిగే నేల అది. మిగిలిన దాంట్లో గనుల లీజు భూములు, రైల్వే యార్డులు, కాలనీలు, మిల్లు ఆవరణ, కలప డిపో. ఇల్లు కట్టుకోవాలనుకునే గుమాస్తాకో రిటైరైన కార్మికుడికో మిగిలే చోటు చాలా తక్కువ. ఊరికి అన్నం పెట్టిన నలుగురు యజమానులే ఊరు కాలు చాపుకోవడానికి చోటు లేకుండా కూర్చున్నారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, వచ్చిన వరుస అలాంటిది.

రెండో కారణం లెక్కించే పద్ధతి. జనగణన పురపాలక హద్దులోపలివారిని మాత్రమే పట్టణం ఖాతాలో వేస్తుంది. చంద్రపూర్ దారిలో విసాపూర్, రాజురా దారిలో బామ్ని తమ సొంత గ్రామ పంచాయతీలున్న ఊళ్లు. బల్లార్షాలో పనిచేసి, బల్లార్షా బజారులో సరుకులు కొని, ఆ రెండు ఊళ్లలో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు బల్లార్‌పూర్ అంకెలో కనిపించవు. జనాభా 5 వేలకు తగ్గకుండా, చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకుండా, పనిచేసే మగవారిలో నాలుగింట మూడు వంతుల మంది సేద్యం కాని పనుల్లో ఉంటే అలాంటి ఊరిని జనగణన పట్టణంగా విడిగా చూపిస్తారు, కానీ పక్క పట్టణంలో కలపరు. కాబట్టి ‘ఊరు పెరగలేదు’ అనడం కన్నా ‘ఊరు హద్దు దాటి పెరిగింది’ అనడం సత్యానికి దగ్గర.

మూడోది, నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఉద్యోగాల తీరు. భూగర్భ గనికి తట్టా చెమ్మస్, అంటే గంపా పారా, పట్టే మనుషులు వేలల్లో కావాలి. నది అవతల సాస్తి, పౌని వంటి చోట్ల ఉన్న, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల్లో భారీ యంత్రాలు, కొద్దిమంది ఆపరేటర్లు, కాంట్రాక్టు టిప్పర్లు సరిపోతాయి. కోల్ ఇండియా మొత్తంలో జాతీయీకరణ తొలి రోజుల్లో 6 లక్షలకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు రెండున్నర లక్షల లోపు. బొగ్గు అప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వస్తోంది. సంపద పెరిగి కొలువులు తగ్గిన ఊళ్లో మా నాన్న తరం ఒక్కొక్కరుగా రిటైరైంది. వారి చోట్లోకి వచ్చినవారు కాంట్రాక్టు కూలీలు, క్వార్టరు లేదు, పింఛను భరోసా లేదు. గడ్‌చాందూర్ చుట్టుపక్కల సున్నపురాయి మీద వెలసిన సిమెంటు కర్మాగారాలు కొందరిని అటు లాక్కున్నాయి. చదువుకున్న పిల్లలు నాగపూర్‌కో పుణేకో హైదరాబాద్‌కో వెళ్లారు. ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగే ఊరికి అదొక చిక్కు: వచ్చినంత సులువుగా వెళ్లిపోవచ్చు.

ఇంకా గాలి సంగతి ఉంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ తయారుచేసినప్పుడు చంద్రపూర్ ప్రాంతం 83.88తో కాలుష్యంలో నాలుగో స్థానంలో నిలిచింది. చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు, మహారాష్ట్ర ప్రభుత్వ కేంద్రాల్లో అతి పెద్దది. ఆ బూడిద, గనుల దుమ్ము, సిమెంటు పొడి, దానికి తోడు మే నెలలో 46, 47 డిగ్రీల ఎండ. స్తోమత ఉన్న కుటుంబం పిల్లల కోసం ఊరు మారదామనుకుంటే తప్పు పట్టలేం.

మరి శివారు అన్న మాట సంగతి? కలెక్టరేటుకు, 2015లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి, పెద్ద బట్టల దుకాణానికి మేము చంద్రపూర్ వెళ్తాం. ఆ మేరకు శివారే. కానీ చంద్రపూర్‌వారు ఢిల్లీ, చెన్నై, సికింద్రాబాద్ బండ్లలో చాలావాటి కోసం బల్లార్షాకు వస్తారు. సిర్పూర్ టౌన్, మాకుడి, విరూర్ స్టేషన్ల నుంచి ప్యాసింజర్ బండిలో కూరగాయల గంపలతో దిగే ఆడవాళ్లకు నగరమంటే బల్లార్షాయే, చంద్రపూర్ కాదు. ఉత్తరం నుంచి చూస్తే ఈ ఊరు ఒక నగరానికి తోక, దక్షిణం నుంచి చూస్తే ఒక దేశానికి గుమ్మం. రెండు పేర్లు ఊరికే రాలేదు: పాలనకు ఒకటి, ప్రయాణానికి ఒకటి.

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. కొత్త లెక్కకు దేశంలో ఎక్కువ భాగానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించారు. బల్లార్‌పూర్ అంకె ఈసారి 90 వేలు దాటుతుందా, విసాపూర్, బామ్నిల అంకెలు ఎంతకు చేరాయి అనేవి నేను ఎదురుచూసే రెండు లెక్కలు. మూడోది మాతృభాష గడి. జనగణన నిబంధన ప్రకారం మాతృభాష అంటే పసితనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష; బిడ్డకు ఆ లిపి వచ్చా రాదా అన్నది అందులో అడగరు. మా అన్నయ్య కూతురు మరాఠీలో పరీక్షలు రాస్తుంది, హిందీలో స్నేహితులతో మాట్లాడుతుంది, తెలుగులో ఒక్క అక్షరం రాయలేదు. ఉయ్యాలలో ఉన్నప్పుడు ఆమెకు మా వదిన పాడిన జోలపాట తెలుగే. గణకుడు వచ్చేసరికి ఇంట్లో ఎవరు ఉంటారో, ఆ గడిలో ఏం చెబుతారో తెలియదు కాబట్టి, ఈ నిబంధనను వదిన ఇప్పటికే ఒక చీటీ మీద మరాఠీలో రాసి, రేషన్ కార్డుతో పాటు బీరువాలో పెట్టింది.